ఆరో వరస గడపలు

శ్రావణ శుద్ధ అష్టమి, శనివారం

ఇన్నాళ్ళకు నేను కలం పట్టడానికి కారణం, ఈ పొద్దున నా గొంతు పెగలకపోవడం. ఇళ్ళ గాలి లెక్కలు చూసే గాలి సంఘం వాళ్ళు నన్ను పిలిచి కూర్చోబెట్టి, "ఆరో వరస తలుపుల డ్రాయింగు మీద ముద్ర మీదే కదా, ఏమైనా చెప్పుకుంటారా?" అని అడిగారు. చెప్పడానికి చాలా ఉంది. నోరు తెరిస్తే "లేదండీ" అన్న మాట ఒక్కటే బయటికొచ్చింది. ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చోగానే మిగతా మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వచ్చినవాటిని వెనక్కి పంపడం నాకు చేతకాదు. అందుకని రాసుకుంటున్నాను.

నా పేరు భ్రమరాంబ. ఏభై ఏళ్ళు. పదో తరగతి దాకా చదివి, ఇరవై రెండేళ్ళుగా కొలతల గదిలో పనిచేస్తున్నాను. మేం 'శిల్పి' అని పిలిచే యంత్రం తలుపు కావాలన్నా గొట్టం కావాలన్నా రూపం గీసి తెర మీద పెడుతుంది. ఆ రూపానికి బాణం గీతలు గీసి, ఎంత పొడవో ఎంత మందమో అంకెలు వేసి, పక్కన సూచనలు రాయడం నా పని. అంకె మనిషే వేయాలి. సూచన మనిషే రాయాలి. కింద ఆ మనిషి ముద్ర ఉండాలి. అప్పుడు గానీ 'కమ్మరి', అంటే వస్తువు చేసే యంత్రం, ఇనుమును ముట్టుకోదు. తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉండాలని ఇక్కడి కట్టుబాటు. ఇప్పుడు ఆ మనిషిని నేను.

ఆషాఢంలో మా ఆరో వరసలో ఇరవై నాలుగు ఇళ్ళకూ కొత్త తలుపులు పెట్టారు. చంద్రుడి నేల కింద గుహలో ఉంటాం కాబట్టి మా వీధుల్లో గాలి పలచన, ఇళ్ళలో చిక్కన. వీధిలోకి పోయిన గాలి రాళ్ళ సందుల్లోంచి బయటికి జారిపోతుంది, మళ్ళీ దొరకదు. తలుపు అడుగున ఉన్న రబ్బరు పట్టీ గడప పైముఖానికి గట్టిగా అతుక్కుని ఇంటి గాలిని ఆపాలి. పాత తలుపులు రోజుకు వెయ్యి పాళ్ళలో ఒక పాలు పోగొట్టేవి. కొత్తవి మొదట్లో అంతకంటే తక్కువే. ఇప్పుడు నాలుగు పాళ్ళు పోతోంది.

పది పాళ్ళయితే వరస మూసేస్తారట. మా కుటుంబాలన్నిటినీ ఇంటికొకరు చొప్పున మిగతా వరసల్లో సర్దుతారట. నా ముద్ర కూడా తీసేస్తారు. ముద్ర సంగతి తర్వాత. పక్కింటి పైడమ్మ అత్త ఈ వరసలోనే పిల్లల్ని కని, మొగుణ్ణి సాగనంపింది. ఆవిణ్ణి ఇంకో వరసకు పొమ్మని నా అంకె చెప్పబోతోంది.

శుద్ధ దశమి, సోమవారం

తెల్లవారి దీపం పెట్టి, లలితా సహస్రం చదువుకుని పనికి వెళ్ళాను. తలుపు డ్రాయింగు మళ్ళీ తెరిచి ప్రతి అంకెనూ వేలు పెట్టి చూశాను. తలుపు అడుక్కీ గడపకీ మధ్య సందు నాలుగు మిల్లీమీటర్లు. వెసులుబాటు అటూ ఇటూ పావు మిల్లీమీటరు. రబ్బరు మందం ఐదు. నొక్కుకుని నాలుగై సందు నింపాలి. అన్నీ సరిగానే ఉన్నాయి.

నా పక్క బల్ల నూర్జహాన్‌ది. గుంటూరు పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటాయి. ఆమె ఇల్లు కూడా ఆరో వరసలోనే.

"ఏందక్కా, ఆ అంకెల వంక అట్టా చూస్తన్నావ్? నువ్వు చూసే చూపుకి నాలుగు కాస్తా భయపడి ఐదయ్యేట్టుంది."

"ఎక్కడో తప్పుంది నూర్జహాన్."

"తప్పు కాదక్కా, నింద. మీ చవితి నాడు చంద్రుణ్ణి చూస్తే నిందలు పడతాయంటారు గదా. మనం కాపురమే దాని మీద చేస్తంటే పడక ఏమైద్ది?"

"చూడకూడదన్నారు గానీ తొక్కకూడదని ఎక్కడా లేదులే" అన్నాను. గది మొత్తం నవ్వింది. మూడు రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం గాలి సంఘం పెద్ద జోగినాయుడు గారు మనుషులతో వరసకు వచ్చారు. నన్నూ రమ్మన్నారు. ఒకతను గుడ్డ తడిపి, కొలిచే చోట గడప అంచు తుడిచాడు. ఇంకొకతను కొలత పరికరం పెట్టాడు. ఇరవై నాలుగు గడపలూ అలాగే. ఎక్కడ చూసినా నాలుగు మిల్లీమీటర్లే.

"ఏటమ్మా భ్రమరమ్మా, నీ అంకెలు బంగారం. నాను కొలిసినంత మట్టుకీ బంగారవే. మరి గాలెటెల్తంది?" అన్నారాయన.

"రబ్బరేమోనండీ."

"రబ్బరు మాటెత్తకు. మా అల్లుడు సేసిన రబ్బరది. ఇంటికెల్తే మా అమ్మాయి నాకు కూడెట్టదు."

శుద్ధ ద్వాదశి, బుధవారం

కూడు పెట్టకపోయినా సరేనని జోగినాయుడు గారు నిన్న పది ఇళ్ళకు రబ్బరు మార్పించారు. ఈ పొద్దున రెండు పాళ్ళే పోయిందని మీటరు చూపించింది. వరసంతా పండగ. కానీ రబ్బరు మార్చని ఇళ్ళలో కూడా తగ్గింది. అది ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోకుండా ఉందామని చూశాను. సంతోషంగా ఉన్న మనుషుల దగ్గరికి ప్రశ్న పట్టుకెళ్ళడం నాకు ఇష్టం ఉండదు.

అయినా చేతులు ఊరుకోవు. ప్రతి తలుపుకూ ఒక చిన్న మీటరు ఉంటుంది. మొదటి నుంచీ ఏ ఇల్లు ఎంత కారిందో ఒక కాగితం మీద గీసుకున్నాను. ఇరవై ఒక్క ఇళ్ళు కారుతున్నాయి. మూడు ఇళ్ళు ఒక్కసారి కూడా కారలేదు. ఒకటి నూర్జహాన్ వాళ్ళది. రెండోది వెల్డింగ్ పనిచేసే డేవిడ్ రాజు ఇల్లు. అతను ఒంటరి, పెళ్ళి కాలేదు. మూడోది తాళం వేసిన ఇల్లు.

ఒకే డ్రాయింగు, ఒకే కమ్మరి, ఒకే రబ్బరు. ఈ మూడు తలుపుల్లోనే ఏముంది?

మావారు తోట పని నుంచి వచ్చి ఆ కాగితం చూశారు. ఆయన కింది అంతస్తులో దీపాల వెలుగులో కూరగాయలూ అల్లం పసుపులూ పండిస్తారు.

"ఇందులో తేలేదేముంది? పెళ్ళాం లేనిచోట గాలి పోవట్లేదు" అన్నారు.

"నూర్జహాన్ ఉంది కదండీ."

"ఆవిడ మాట్లాడుతుంటే గాలికి బయటికెళ్ళే సందు దొరకదు."

రేపు ఈ మాట నూర్జహాన్‌కు చెప్తానన్నాను. ఆయన వెంటనే ఎల్లుండి వ్రతానికి పసుపు కొమ్ములు ఎన్ని కావాలని అడిగారు.

శుద్ధ చతుర్దశి, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఈరోజు బాధలేవీ రాయను.

మావారు ఈసారి తోటలో పండిన పసుపంతా వరసలో పంచేశారు. ఇక్కడ పసుపంటే బంగారమే. నీళ్ళు కొలిచి ఇస్తారు కాబట్టి గడప కడిగే అలవాటు మాకు పోయింది. పాత పూత మీదే కొత్తది పూస్తాం. నీళ్ళకు బదులు రెండు చుక్కల నూనె వేసి రంగరిస్తే చక్కగా పట్టుకుంటుంది. మీద కుంకుమ బొట్లు, బియ్యప్పిండి చుక్కలు. వరసలో అటు చివర నిలబడి చూస్తే ఇరవై ఒక్క గడపలు పచ్చగా మెరిశాయి. ఈ రాతి గుహలో ఆ రంగు చూస్తే కళ్ళకు అన్నం పెట్టినట్టుంటుంది.

పైడమ్మ అత్త మా ఇంటికి వాయనం తీసుకోవడానికి వచ్చింది. మా వరసలో మొగుడు పోయినవాళ్ళకూ వాయనం ఇస్తాం. శనగలు కొంగులో కట్టుకుంటూ, "వొలే భ్రమరమ్మా, అమ్మోరికి సెప్పుకున్నాను. మన వరస మనకుంటాది. నువ్వు ముకం అలాగెట్టకు, పులిహోర పులుపెక్కువైందనుకుంటారు సూసినోలు" అంది.

పులుపు ఎక్కువే అయింది. అయినా అందరూ తిన్నారు.

శ్రావణ పౌర్ణమి, శనివారం

ఏడు పాళ్ళు.

పొద్దున్నే వీధిలో గంట మోగించి చెప్పారు. నేను గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నాను. గడప మీద నిన్నటి బొట్టు కాస్త చెదిరితే సర్దుదామని వేలు పెట్టాను. గోరు కింద ఒక పెచ్చు లేచింది. ఇక్కడ ఏ వస్తువైనా నింపాదిగా పడుతుంది. ఆ పెచ్చు తిరుగుతూ, ఒకసారి పచ్చగా, ఒకసారి అంచు తిప్పి సన్నని గీతలా కనిపిస్తూ నేలకు దిగింది. ఆ అంచు చూశాను. ఇరవై రెండేళ్ళుగా అంచులు చూడటమే నా పని.

చేతిసంచీలో మందం కొలిచే పరికరం ఉంది. పెచ్చును దాని పళ్ళ మధ్య పెట్టాను. ఒకటింబావు మిల్లీమీటరు.

పావు మిల్లీమీటరు వెసులుబాటు ఇచ్చిన చోట ఒకటింబావు. అది కూడా సమంగా లేదు. బొట్టు ఉన్నచోట మెట్ట, బొట్టు లేనిచోట పల్లం. రబ్బరు మెట్టల మీద ఎక్కి కూర్చుంటుంది, పల్లాల్లోంచి గాలి పోతుంది. నూర్జహాన్ గడపకు పసుపు లేదు. డేవిడ్ రాజు గడపకు లేదు. తాళం వేసిన ఇంటి గడపకు లేదు. శుక్రవారం పూస్తాం, శనివారం గాలి పోతుంది. సోమవారం జోగినాయుడు గారి మనుషులు వచ్చి తడిగుడ్డతో తుడిచి కొలిచారు. రెండు రోజులు తగ్గింది. ఎందుకు తుడిచారు? డ్రాయింగు మీద నాలుగో సూచన అలా చెప్తోంది: 'కొలిచే ముందు అంచును శుభ్రంగా తుడవాలి.' ఆ సూచన రాసింది నేనే.

తర్వాత నేను చేసిన పని దాచకుండా రాస్తాను. లేచి తలుపు దగ్గరగా వేసి, మా గడప మీది పసుపంతా చెంచాతో గీకేశాను. ఎవరికీ చెప్పలేదు. జోగినాయుడు గారికి చెప్పాలంటే, నాతో సహా ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళ భక్తి వల్ల గాలి పోతోందని చెప్పాలి. శ్రావణమాసంలో గడపకు పసుపు పెట్టొద్దని నా నోటితో చెప్పాలి. గీకిన పసుపు పొట్లం కట్టి తులసి కుండీలో పెట్టి, అమ్మవారి ముందు కూర్చున్నాను. సహస్రంలో ఎక్కడున్నానో రెండుసార్లు మర్చిపోయాను.

బహుళ పాడ్యమి, ఆదివారం

తొమ్మిది పాళ్ళు. మా ఇంటి మీటరు మాత్రం సున్నా.

జోగినాయుడు గారు వచ్చి మా తలుపు చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఈ తలుపు దానంతటదే బాగైపోనాదేటి?" అన్నారు. వెనక నుంచి ఎవరో "వ్రతఫలం" అన్నారు. ఇద్దరు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టారు. నేను ఆపలేదు. ఆపాలంటే మాట్లాడాలి.

ఎలాగూ పది దాటేలా ఉందని, రేపు సాయంత్రానికి సామాన్లు సర్దుకోమని అందరికీ చెప్పి వెళ్ళారు. పైడమ్మ అత్తకు రెండో వరసలో ఎవరింట్లోనో ఒక మూల ఇచ్చారు. గోడ అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు రోజంతా వినిపించింది. ఆవిడ పాడుకుంటూ సర్దుకుంటోంది. ఏడుస్తూ సర్దుకుని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

బహుళ విదియ, సోమవారం

పొద్దున లేచేసరికి మా మీటరు రెండు చూపిస్తోంది.

తలుపు తీసి చూద్దును కదా, గడప నిండా పసుపు. తాజాగా, ఇంత మందాన. ఐదు కుంకుమ బొట్లు. పైడమ్మ అత్త తన గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది.

"ఏటలా సూస్తావు? నిన్న మీ ఇంటికొచ్చినోలందరూ నీ కాల్లకి దండాలెట్టినారు గానీ, నీ గడప ఎవులూ సూళ్ళేదు. బోసిగా ఉంది. నీకు దిగులెక్కువై ఒగ్గీసావని, మీరు లెగకముందే తలుపు తీసి నానే ఎట్టీసినాను. ఎవులికీ సెప్పన్లే."

"అత్తా, నీ పసుపు మూటలో కట్టేసుకున్నావు కదా?"

"ఇప్పినాను. మల్లీ కడతాను. అదేటి పెద్ద పనా?"

సాయంత్రానికి ఇల్లు వదిలిపోయే మనిషి మూట విప్పి నా గడపకు పసుపు పెట్టింది. అక్కడ నిలబడి ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కొలతల గదికి తీసుకెళ్ళాను. దారిలోనే నూర్జహాన్‌కు కబురు పెట్టాను. నూర్జహాన్ పసుపు సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"అక్కా! మా ఇల్లు కారనందుకు రెండువారాలుగా వరసంతా నన్ను అదోమాదిరిగా చూస్తంది. నేనేదో మంత్రం వేశాననుకుంటన్నారేమోనని మా ఆయన చేత దొంగతనంగా తలుపుకి చిల్లు పెట్టిద్దామనుకున్నా!"

ముగ్గురం కలిసి గాలి సంఘానికి వెళ్ళాం. తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. నేను నిలబడ్డాను. ఈసారి గొంతు పెగిలింది. పెద్దగా కాదు. వెనక వరస వాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. పెచ్చు చూపించాను. మందం చెప్పాను. కారని మూడు ఇళ్ళ సంగతి చెప్పాను. నిన్న సున్నా ఉన్న మా తలుపు పసుపు పెట్టగానే రెండుకు వెళ్ళిందని మీటరు చూపించాను. అంతకుముందు దాన్ని ఎప్పుడు గీకానో మాత్రం చెప్పలేదు. చివర్లో నాలుగో సూచన చదివి, "ఇది రాసింది నేనేనండీ" అన్నాను.

జోగినాయుడు గారు పెచ్చు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"అంటే ఏటి, మావోలు గుడ్డట్టుకొచ్చి దొంగని తుడిసీసి, ఆ తరవాత దొంగెక్కడా అని ఎతుకుతున్నారన్నమాట!"

అని ఆయనే ముందు నవ్వారు. తర్వాత సంఘం అంతా నవ్వింది. అల్లుడి రబ్బరు మంచిదేనని ఇంటికి కబురు చేయించారు కూడా.

కానీ నవ్వు అయిపోయాక ఒకాయన, "మరేం, ఇక పసుపు పెట్టొద్దని ఆర్డరు వేస్తే సరి" అన్నాడు.

పైడమ్మ అత్త లేచింది. "ఎయ్యి బాబూ. ఆర్డరు కాయితం తెచ్చి మా గడపకి అతికించు. దానికీ పసుపెడతాను."

నేను నాలుగు రోజులు గడువు అడిగాను. అప్పటిదాకా పసుపు ఎవరికి వాళ్ళు తీసేసేలా నేను చూసుకుంటానన్నాను. సామాన్లు సర్దడం ఆపమన్నారు.

బహుళ పంచమి, గురువారం

ఈ మూడు రోజులూ రాయడానికి తీరిక లేదు. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ పనిచేయలేదు.

గడపలో పసుపుకు ఒక చోటు ఉండాలి, అది రబ్బరు తగిలే చోటు కాకూడదు. ఇంతే సంగతి. మొదట గడప ముందు ముఖానికి, వీధి వైపు, ఒక పట్టె గీశాను. పైడమ్మ అత్త తెర చూసి తల అడ్డంగా ఊపింది.

"లచ్చిమి గడప దాటుకుని లోపలికొస్తాది. గోడ గీసుకుంటూ రాదు. పైనుండాల."

నిజమే. గడప పైముఖం వెడల్పు నూటనలభై మిల్లీమీటర్లు. రబ్బరు ఆనేది లోపలి వైపు ముప్ఫై మాత్రమే. అయితే బయటి వైపు అరవై వెడల్పున ఒక పల్లం తీస్తే? తలుపు దాని మీదికి రాదు. శిల్పిని గీయమన్నాను. గీసింది. గీసి అడిగింది: 'ఈ పల్లం ఏ పనికి?' కింద వరసగా ఇచ్చింది: బరువు, గాలి, నీరు, వేడి, కరెంటు, ఇతరం. 'ఇతరం' నొక్కి, 'పసుపు కోసం' అని రాశాను.

'ఈ పని నాకు తెలియదు' అంది శిల్పి. 'పూత మందం ఎంత? ఎన్ని పూతలు? ఎన్నాళ్ళకు తీసేస్తారు?'

"అడిగింది సబబే" అంది నూర్జహాన్. "నీ భక్తి మందం ఎంతో నువ్వే కొలవాలక్కా."

అందుకని పరికరం పట్టుకుని ఇరవై ఒక్క ఇళ్ళకూ వెళ్ళాను. ఒక్కొక్కరి గడప మీద పెచ్చు తీసి కొలిచి, రాసుకుని, మిగతా పసుపు గీకించాను. గీకడానికి అందరూ జంకారు. తోటలో పసుపు మొక్కల మొదట్లో కలిపేద్దామని మావారు బుట్ట పట్టుకుని నా వెంట వచ్చారు. దాంతో ఒప్పుకున్నారు. కాసేపటికి జంకు పోయి పోటీ వచ్చింది. "నాదెంత? ఆవిడదెంత?" అని వీధిలోకొచ్చి అడగడం మొదలుపెట్టారు. ఎవరిది ఎంతో ఎవరికీ చెప్పనని అమ్మవారి మీద ఒట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక కొత్త కోడలిది అర మిల్లీమీటరే వచ్చింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "మొన్ననే కదమ్మా కాపురానికొచ్చావు, పెరుగుతుంది" అన్నాను.

పైడమ్మ అత్తది మాత్రం ఒట్టుకు ఆగలేదు. నా భుజం మీంచి తొంగి తనే చదువుకుంది. "ఒకటీ పాయింటు ఆరు! అందరికన్నా నాదేనా?"

"చెప్పకూడదత్తా."

"నువ్వు సెప్పక్కర్లేదు, నీ ముకమే సెప్తంది." అని వీధిలోకి వెళ్ళి రెండువైపులా చెప్పొచ్చింది.

లెక్క వేసి పల్లం లోతు మూడు మిల్లీమీటర్లు అని అంకె వేశాను. పక్కన బాణం గీసి ఏడో సూచన రాశాను: 'ఈ పల్లం పసుపు కుంకుమల కోసం. రబ్బరు ఆనే చోట ఏ పూతా ఉండకూడదు. పల్లం నిండితే గీకి తోటలో కలపాలి, రెండు నెలలకు ఒకసారి.' నాలుగో సూచన కొట్టేసి మళ్ళీ రాశాను: 'తుడవకముందు ఒకసారి కొలవాలి, తుడిచాక మరొకసారి కొలవాలి.' ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది.

శిల్పి ఆ అంకెలు తీసుకుంది. ముద్ర వేశాను. కమ్మరి ఇనుము ముట్టుకుంది.

ఇరవై ఒకటి కాక రెండు గడపలు ఎక్కువ చేయించాను. నూర్జహాన్ అడిగింది. "నా గడపకు ఆ పల్లం ఎందుకులేగానీ, ఈద్‌కి అత్తరు చుక్క వేసుకుంటా. అందరికీ ఉండి నాకు లేకపోతే మళ్ళీ అదోమాదిరిగా చూస్తారు" అంది. డేవిడ్ రాజు కూడా తనకొకటి కావాలన్నాడు. పెళ్ళయ్యాక అవసరం పడొచ్చట.

బహుళ త్రయోదశి, శుక్రవారం

వారం నుంచి కొత్త గడపలు ఒక్కొక్కటే బిగిస్తున్నారు. నిన్నటికి అన్నీ అయ్యాయి. ఈరోజు శ్రావణంలో ఆఖరి శుక్రవారం. జోగినాయుడు గారు, "ఈసారి పది దాకా ఆగను. నాలుగు పాళ్ళు దాటితే మాత్రం నన్నేటీ అనకండి, మూసీడమే" అని ముందే చెప్పారు. మామూలుగా పెట్టినట్టే పసుపు పెట్టమన్నారు, తక్కువ పెట్టి మోసం చేయొద్దన్నారు. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. ఆడవాళ్ళు మామూలు కంటే రెట్టింపు పెట్టారు.

సాయంత్రం దాకా ఎవరూ పనికి వెళ్ళలేదు. వీధిలో గట్ల మీద కూర్చుని వరస మీటరు వంక చూస్తూ ఉన్నాం. దీపాలు పెట్టే వేళకు జోగినాయుడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"ముప్పాతిక పాలు. పాత తలుపులకన్నా మేలమ్మా."

 తర్వాత పైడమ్మ అత్త ఇంట్లోకి వెళ్ళింది. గిన్నెల మూట విప్పుతున్న చప్పుడు వీధంతా వినిపించింది.

బహుళ చతుర్దశి, శనివారం

సంఘం వాళ్ళు రిపోర్టు రాసి చదివి వినిపించారు. కారణం దగ్గర 'గడప మీద పూత' అని, కనుక్కున్నది 'సోమవారం, కొలతల గది' అని రాశారు. ఎవరి పేరూ లేదు. నా ముద్ర నా దగ్గరే ఉంది. నేను రోజూ ఏదో రాసుకుంటున్నానని మావారు నోరు జారి చెప్పారట. ఆ కాగితాలు కూడా ఇస్తే రిపోర్టుతో కలిపి అందరూ చదివే చోట పెడతామని జోగినాయుడు గారు అడిగారు. ఇవ్వనన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. నేను ఎవరికైనా ఇవ్వనని చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను.

నూర్జహాన్, వీటిని నీ బల్ల సొరుగులో పెట్టు. చింపకు. ఎవరికీ చూపించకు. ఇరవై ఒక్కమంది గడపల మందం రాసుకున్న చీటీ కూడా వీటితో ఉంది, ఒట్టు పెట్టుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. రిపోర్టులో సోమవారం అని ఉంది గానీ నాకు తెలిసింది శనివారం. ఆ రెండు రోజులూ గోడ అవతల ఒక ముసలావిడ పాడుకుంటూ మూట కడుతుంటే, నేను శుభ్రమైన నా గడపకు ఇవతల కూర్చున్నాను. పైడమ్మ అత్తకు ఆ సంగతి నా నోటితో నేనే చెప్తాను. దానికి ఒక మంచి రోజు చూసుకోవాలి, కాస్త ధైర్యం కూడా. ఆవిడకు చెప్పాక కూడా వీటిని ఉంచు. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి, ఆ శనివారానికీ ఆ సోమవారానికీ మధ్య ఏం జరిగిందని అడిగితే, నా చేత్తో రాసిన కాగితం ఒకటి ఉండాలి. అడగనంతకాలం సొరుగు మూసే ఉంచు.